పురుగు పడిన స్లాబు

ఎవరి మీదైనా ఒళ్లు మండితే "నీకు పురుగులు పడ" అని తిట్టడం అందరికీ తెలిసిందే. నీళ్ల మేస్త్రి దగ్గర మాత్రం అది తిట్టు కాదు, దీవెన. ఆయన పోసిన స్లాబు మీద నీళ్లలో పురుగు పడిన రోజు ఆయన మొహం చూడాల్సిందే. మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లల మొహాలు కూడా అంతగా వెలగవు.

ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. ముప్ఫై ఏళ్లుగా ఇళ్లు కడుతూ, ఏ ఇంటి స్లాబూ కారలేదని, ఏ స్లాబుకూ వెంట్రుకవాసి బీట కూడా రాలేదని పేరు తెచ్చుకున్నాడు. అదంతా నీళ్ల మహిమేనని ఆయన నమ్మకం. స్లాబు పోసిన మర్నాడే దాని మీద బెత్తెడు ఎత్తున సిమెంటు గట్లు వేసి, మళ్లు కట్టి, నిండా నీళ్లు పెడతాడు. తక్కిన మేస్త్రులు వారానికో పది రోజులకో చేతులు దులుపుకుంటారు. ఈయనకి ఆరు నూరైనా ఇరవై ఒక్క రోజులు కావాల్సిందే. ఇంటివాళ్లు తొందరపెడితే, "బిడ్డని తొమ్మిది నెలలూ మోసిన తల్లిని ఎవరైనా తొందరపెడతారా?" అని నోరు మూయించేవాడు. పిల్లలు లేని మనిషి కావడంతో ఆ మాట విన్నవాళ్లు మళ్లీ ఏమీ అనలేకపోయేవారు.

ఇక పురుగు సంగతి. పని నేర్పిన మేనమామ దగ్గర్నుంచి ఆయనకి వచ్చిన ఆస్తి అదొక్కటే. కొత్త సిమెంటులో ఘాటుంటుంది, చేతులు తినేస్తుంది. ఆ ఘాటు ఉన్నంతకాలం మళ్లలో ఏ ప్రాణీ బతకదు. పది, పన్నెండు రోజులకి ఘాటు దిగిపోయి నీళ్లు తేటపడతాయి. అప్పుడు సన్నగా, నల్లగా, తల కిందికీ తోక పైకీ పెట్టుకుని మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తాయి. "పురుగు పడిందంటే స్లాబు పండినట్టే. మురికినీళ్లలో ఇది పుట్టదు, చూసుకో. ఎంత మంచినీళ్లయితే అంత పురుగు," అనేవాడు మేనమామ. వినడానికి ముచ్చటగా ఉందని ఎవరూ దాన్ని అనుమానించలేదు. ముచ్చటైన మాటలతో వచ్చే చిక్కే అది.

ఈసారి పని ఆయన ఉంటున్న గదికి పక్క వీధిలోనే తగిలింది. మొదటి అంతస్తు స్లాబు రెండు నెలల కిందటే అయింది. ఇప్పుడు రెండోది పోసి పన్నెండు రోజులు. మళ్లకి పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చీకటి పడకముందు నీళ్లు పట్టేది ఆయన భార్య. పెళ్లైన మర్నాటి నుంచీ ఆమె ఆయన పక్కనే పని చేసింది. కూలీలందరికీ ఆమె అక్క. మేస్త్రికి కోపం వస్తే ఎవరూ పట్టించుకోరు గాని, అక్క ఒకసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందంటే ఇటుకలు వాటంతట అవే నడిచొస్తాయని పనివాళ్లు చెప్పుకునేవారు.

పన్నెండో రోజు పొద్దున మేస్త్రి పైకెక్కి, మోకాళ్ల మీద వంగి, నీళ్లలోకి చూసి, కిందికి కేకేశాడు.

"ఏమే! పురుగు పడింది!"

మామూలుగా అయితే ఆమె కొంగు బిగించి రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కొచ్చేది. ఆ రోజు రాలేదు. ఆయన దిగొచ్చి చూస్తే ఇసుక గుట్ట పక్కన, రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"కళ్ల వెనకాల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుందయ్యా. నిన్నట్నుంచీ ఇంతే. కీళ్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించినట్టుంది."

ఆయన నుదురు ముట్టుకున్నాడు. పొయ్యి మీది పెనంలా ఉంది. ఒళ్లునొప్పులకి మేస్త్రులందరూ జేబులో పెట్టుకు తిరిగే మాత్రలు ఆయన జేబులోనూ ఉన్నాయి. రోజంతా తట్టలు మోసిన నడుం కూడా గంటలో మర్చిపోయేంత గట్టి మాత్రలవి. ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టి, నీళ్ల సీసా కోసం వెతుకుతుండగా గేటు చప్పుడైంది.

వచ్చింది దోమలమ్మాయి. ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. భుజాన సంచీ, ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో పొడుగు కర్రకి బిగించిన తెల్లటి గరిటె. వారానికోసారి వీధులన్నీ తిరిగి కుండీల కింద పళ్లేలూ, నీళ్ల తొట్లూ, పాత టైర్లూ, కూలర్లూ వెతికి నీళ్లు ఒంపేయిస్తుంది. ఆమె వీధి మొదట్లో కనబడితే చాలు, చివరి ఇంటివాళ్లు హడావిడిగా బకెట్లు బోర్లించేసేవాళ్లు. అదీ మంచిదేనని ఆమె నవ్వుకునేది.

"మేస్త్రిగారూ, పైన నీళ్లు చూడొచ్చా?"

"చూడవమ్మా, చూడు! చూడాల్సిన రోజే వచ్చావు," అన్నాడు మేస్త్రి. భార్య జ్వరం ఒక పక్క ఉన్నా, ఆ మాట అనేటప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పైకెళ్లాక ఆ అమ్మాయి గరిటె ముంచి, పైకి తీసి, ఎండలోకి పట్టుకుంది. తెల్లటి గరిటెలో పురుగులు నల్లగా, స్పష్టంగా, జాతరలో జనంలా తిరుగుతున్నాయి. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్ఫై దాటాక మానేసింది.

"ఇవేంటో తెలుసా మీకు?"

"తెలియకేం? స్లాబు పండిందని గుర్తు."

ఆమె ఒక నిమిషం ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "ఇవి దోమపిల్లలు మేస్త్రిగారూ. డెంగీ దోమవి. దీనికి మురుగు గిట్టదు, ఇలాంటి తేట నీళ్లే కావాలి. ఈ వీధిలో, వెనక వీధిలో నెలన్నరగా పదకొండు జ్వరాలు. ఎక్కడ పుడుతున్నాయో దొరక్క నా తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్లు నేలమీదే వెతికాను, మెట్లెక్కి చూడలేదు."

"దోమ దోమలా ఉంటుంది, పురుగు పురుగులా ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా నేను. ఇందులోంచి దోమ ఎగరడం ఏ రోజూ చూడలేదు."

"ఎలా చూస్తారు? పురుగు పడిందని చూసుకున్నాక మీరు మళ్లీ వంగి చూడరుగా."

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. తన మేనమామ గురించీ, తన స్లాబుల గురించీ, నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు పెద్దవాళ్లకి పాఠాలు చెప్పడం గురించీ గట్టిగానే అన్నాడు. ఆ అమ్మాయి వాదించలేదు. ఒక గాజు సీసాలో నాలుగు వేళ్ల ఎత్తున ఆ నీళ్లే పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఆయన చేతిలో పెట్టింది.

"దీన్ని మీ కిటికీలో పెట్టుకోండి. రెండు మూడు రోజులు చూడండి. పురుగే ఉంటే వచ్చి మీకు క్షమాపణ చెప్పుకుంటా. ఈలోపు నీళ్లు ఒంపేయమని చెప్పడం నా ఉద్యోగం, చెప్పేశా."

దిగొచ్చేసరికి మేస్త్రి భార్య మాత్ర నోట్లో వేసుకోబోతోంది. దోమలమ్మాయి గరిటె కింద పడేసి మరీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, ఆగు! ఈ జ్వరానికి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. కొన్ని రక్తం కారేలా చేస్తాయి. పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. లే, పరీక్షకి పోదాం."

పరీక్షలో డెంగీ అనే తేలింది. ప్రస్తుతానికి ఇంట్లోనే ఉండొచ్చనీ, నీళ్లు, గంజి, పళ్లరసం ఎంత తాగితే అంత మంచిదనీ, రోజు విడిచి రోజు రక్తం చూపించుకోవాలనీ ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చెప్పింది. పగలు కూడా దోమతెర కట్టుకోమంది. పగలు తెరేమిటని మేస్త్రి ఆశ్చర్యపోయాడు.

దోమలమ్మాయే విప్పి చెప్పింది. ఈ దోమ రాత్రి దొంగ కాదు, పగటి దొంగ. పొద్దెక్కుతున్నప్పుడూ, పొద్దువాలుతున్నప్పుడూ దానికి ఆకలి. దానంతట దానికి జబ్బుండదు. జ్వరంతో ఉన్న మనిషిని కుట్టి అక్కణ్ణుంచి ఎత్తుకొస్తుంది. పది రోజులు కడుపులో దాచుకుని, ఆ తర్వాత కుట్టిన వాళ్లందరికీ పంచుతుంది. "తెర పిన్ని కోసం మాత్రమే కాదు. పిన్నిని కుట్టిన దోమ రేపు పక్కింటి పిల్లల మీద వాలకుండా."

మేస్త్రి ఆ వేళలు మనసులో లెక్కేసుకున్నాడు. పొద్దున్నే, చీకటి పడకముందు. ఆయన భార్య గొట్టం పట్టుకుని మళ్లలో నిలబడే వేళలు సరిగ్గా అవే.

ఆ గది పెద్దదేమీ కాదు. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి తాపీలు తగిలించే కొయ్యలు, తూర్పున కిటికీ. కిటికీలో సీసా పెట్టి, మంచానికి తెర కట్టి, ఆయన పనికి సెలవు పెట్టాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన పగటి పూట ఇంట్లో ఉండడం అదే మొదలు. గంజి కాయబోయి గిన్నె మాడ్చాడు. రెండోసారి కాచింది చూసి ఆమె తెరలోంచే, "ఇది తాగడానికా, గోడకి పూయడానికా?" అంది. జ్వరంలోనూ ఆమె నాలుక పదును తగ్గలేదని ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది.

మధ్యలో సీసా వైపు చూసేవాడు. మొదటి రోజు పురుగులు పురుగుల్లాగే ఉన్నాయి. రెండో రోజు కొన్ని ముడుచుకుని కామాల్లా తయారయ్యాయి. మూడో రోజు పొద్దున ఆయన పళ్లు తోముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లి, అలాగే నిలబడిపోయాడు. గుడ్డకి లోపలివైపు తొమ్మిది దోమలు అంటుకుని ఉన్నాయి. చిన్నవి, నల్లవి. కాళ్ల మీద తెల్లటి పట్టీలు. నీళ్ల మీద ఇంకొకటి అప్పుడే తన పాత పెంకులోంచి బయటికి వస్తూ, దాన్నే పడవలా చేసుకుని నిలబడి, రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఎంత నింపాదిగా పని చేసుకుంటోందంటే, మంచి పనివాడి చెయ్యిలాగే అనిపించి ఆయనకి ఒళ్లు జలదరించింది.

ఆ పట్టీల కాళ్లని ఆయన ఇంతకుముందు చూశాడు. భార్య మోచేతుల మీద. "మళ్లలో ఏవో గీరుతున్నాయయ్యా," అని ఆమె గోక్కుంటుంటే నవ్వి ఊరుకున్నాడు.

బ్రష్షు నోట్లోనే ఉంది. పక్క వీధికి ఎలా వెళ్లాడో తెలియదు. సుత్తి తీసుకుని మళ్ల గట్లన్నీ వరసగా బద్దలు కొట్టాడు. నీళ్లు వాననీటి గొట్టంలోంచి ధారగా కిందికి దూకాయి. ఇంటి యజమాని కంగారుగా పరిగెత్తుకొచ్చి, "ఇరవై ఒక్క రోజులన్నావు కదయ్యా, పదిహేను రోజులకే ఏంటిది?" అని అడిగాడు. మేస్త్రి తర్వాతి గట్టు మీద సుత్తి వేశాడు. ఏడుస్తున్నాడని యజమానికి కాసేపటికి గాని తెలియలేదు.

స్లాబుని గాలికి వదిలేయలేదు. మధ్యాహ్నానికల్లా పాత గోనెసంచులు తెప్పించి స్లాబంతా పరిచి, రోజుకి నాలుగుసార్లు తడపమని కూలీలకి పురమాయించాడు. తడి ఉంటుంది, నిలవ ఉండదు. ఇంత సులువైన దారి ముప్ఫై ఏళ్లు కళ్లముందే ఉందని తలుచుకుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. దోమలమ్మాయి వచ్చి చూసి, గట్టు ముక్కల్ని కూడా ఇనుప బ్రష్షుతో రుద్దించింది. గుడ్లు తడి అంచుల్లో అతుక్కుని ఉంటాయట, నీళ్లెండినా నెలల తరబడి చావవట, మళ్లీ తడి తగిలిన రోజే లేచి కూర్చుంటాయట. "క్షమాపణ ఎవరు చెప్పుకోవాలో ఇక అడగనులే అమ్మాయ్," అన్నాడు మేస్త్రి తల దించుకుని.

"మీ దోమే పిన్నిని కుట్టిందని నేనూ చెప్పలేను. ఏ దోమ ఎక్కడ పుట్టిందో వాటికేం చీటీలుండవుగా," అంది ఆమె. జాలిపడి అన్నదే గాని, ఆ జాలి మేస్త్రికి అక్కరకు రాలేదు.

మర్నాడు పొద్దున జ్వరం దిగిపోయింది. అయిదు రోజులు నిప్పులా కాలిన ఒళ్లు చల్లబడింది. ఆమె తెర ఎత్తి, లేచి కూర్చుని, జడ వేసుకుంది. "నీ గంజి దెబ్బకి జ్వరం పారిపోయిందయ్యా. లే, పనికి పోదాం. గోనెలు సరిగ్గా పరిచారో లేదో నేను చూస్తే గాని కుదరదు." మేస్త్రికి నెత్తి మీది బండ దింపినట్టయింది. కిటికీలో సీసా తీసి, మూతి గుడ్డ విప్పకుండా దాని మీంచే సబ్బునీళ్లు పోసి, లోపలివన్నీ చచ్చేదాకా చూసి, పెరట్లో పాతిపెట్టాడు. ఇద్దరూ చెప్పులేసుకుని గుమ్మం దాటుతుండగా దోమలమ్మాయి ఎదురైంది.

"ఎక్కడికి?"

"జ్వరం తగ్గిందమ్మా! పనికి."

ఆ అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మేస్త్రిగారూ, ఒక్క మాట అడుగుతా. కొత్త స్లాబు మొదట వేడెక్కుతుంది కదా. ఎప్పుడు చల్లబడుతుంది?"

"రెండు మూడు రోజులకి."

"చల్లబడగానే కింద సెంట్రింగ్ కర్రలు పీకేస్తారా?"

"పిచ్చా నీకు? కూలిపోదూ? అసలు బరువు పడేది అప్పుడే..." అంటూ ఆయన ఆగిపోయాడు.

"ఇదీ అంతే. ఈ జబ్బులో మనుషులు పోయేది జ్వరంలో కాదు, జ్వరం దిగాక. ఈ రెండు రోజులే గండం. ఇప్పుడు కర్రలు పీకకండి." ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడి జిడ్డుగా అవడం, ఒంటికి పోవడం తగ్గిపోవడం. "వీటిలో ఒక్కటి కనబడ్డా నా కోసం చూడొద్దు, డాక్టరమ్మ కోసం చూడొద్దు. పెద్దాసుపత్రికి వెళ్లిపోండి."

ఆమె భార్యాభర్తలిద్దర్నీ లోపలికి తోసి, తెర దించి మరీ వెళ్లింది. మేస్త్రి భార్య గొణుక్కుంది. మేస్త్రి గోడవారగా కూర్చుని ఆమెని చూస్తూ ఉండిపోయాడు. స్లాబు పోసిన రోజు కింద నిలబడి, ఏ కర్ర కదులుతోందో, ఎక్కడ చుక్క కారుతోందో అని చెవులు రిక్కించి చూసే అలవాటు ఆయనది. ఆ చూపంతా ఇప్పుడు మంచం మీద పెట్టాడు. గంటకోసారి చెయ్యి పట్టుకుని చూశాడు. ఎన్ని గ్లాసులు తాగిందో, ఎన్నిసార్లు ఒంటికి లేచిందో బొగ్గుతో గోడ మీద రెండు వరసల్లో గీతలు గీశాడు.

"నన్నేదో గుడ్లు పొదిగే కోడిని చూసినట్టు చూస్తున్నావేంటయ్యా," అంది ఆమె. మధ్యాహ్నం దాకా అలా వెక్కిరిస్తూనే ఉంది. ఆ తర్వాత వెక్కిరించడం మానేసింది. ఆయన మొదట గమనించింది అదే. ఇచ్చిన నీళ్లు వాంతయ్యాయి. మళ్లీ ఇచ్చాడు, మళ్లీ అయ్యాయి. కడుపు పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. గోడ మీద పొద్దుటి నుంచి రెండో వరసలో ఒక్కటే గీత ఉంది. చెయ్యి పట్టుకుంటే కడిగిన గాజుగ్లాసులా చల్లగా తగిలింది.

జ్వరం లేదు కదా, కొంచెం నీరసమే కదా అని ఇంకొకరు అనుకునేవాళ్లు. పొద్దున్న గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడకపోతే ఆయనా అదే అనుకునేవాడు. భార్యని రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి వచ్చి, మొదట కనబడ్డ ఆటోని అడ్డగించాడు.

పెద్దాసుపత్రిలో వెంటనే సెలైన్ ఎక్కించారు. కుర్ర డాక్టరు ఒకాయన మేస్త్రికి ఓపిగ్గా చెప్పాడు. ఈ జబ్బులో రక్తనాళాలు చెమ్మెక్కిన గోడల్లా అయిపోతాయట. రక్తంలోని నీరు వాటిలోంచి బయటికి ఊరిపోతుందట. లోపల నాళాలు ఎండిపోతే గుండె కొట్టుకోవడానికి ఏమీ మిగలదట. కారడం రెండు రోజుల్లో దానంతట అదే ఆగుతుంది. ఆగేదాకా పైనుంచి కొలతగా నీళ్లు అందించాలి. "తక్కువైతే ప్రమాదం, ఎక్కువైనా ప్రమాదం. మీరు నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ని."

జీవితమంతా నీళ్లతోనే బతికిన మనిషి, ఆ సెలైన్ సీసాలోంచి ఒక్కో బొట్టూ దిగడం చూస్తూ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరూ వినకుండా దణ్ణాలు పెట్టుకున్నాడు. ఆమె లేకుండా తనకి ఇల్లూ లేదు, పనీ లేదని ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు. ఆమె కళ్లు మూసుకునే, "వినిపించింది. ఇంకోసారి చెప్పు," అంది. ఆయన ఇంకోసారి చెప్పాడు.

రెండు రోజులకి చేతులు వెచ్చబడ్డాయి. ఆకలేస్తోందంది. రేపు ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పిన పొద్దుటే మేస్త్రి ఫోను మోగింది. ఊరికి అవతలి చివర పని చేసే ఎడంచేతి మేస్త్రి. పదేళ్లు ఈయన దగ్గరే తాపీ పట్టడం నేర్చుకుని, పోయిన ఏడాది సొంతంగా పని మొదలుపెట్టాడు. మొదటి స్లాబు ఈ మధ్యనే పోశాడు. కట్టే ఇంటి పక్కనే రేకుల గదిలో భార్యనీ నాలుగేళ్ల కూతుర్నీ పెట్టుకుని ఉంటున్నాడు.

"గురువుగారూ, పురుగు పడింది!" ఆ గొంతులో సంతోషం మంచం దాకా వినిపించింది. "పడి రెండు వారాలైంది, స్లాబు పూర్తిగా పండాక మీకు చెబుదామని ఆగా. మీరన్నట్టే ఇరవై ఒక్క రోజులూ నీళ్లు పెట్టా. నాలుగైదు రోజులు దాటాయి కూడా, అయినా తియ్యబుద్ధి కాలేదు. ఎంత పురుగని! మీరొచ్చి ఒకసారి చూడాలి."

తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఎన్ని కప్పుల మీద ఎన్ని మళ్లు కట్టారో మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. భార్య చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"నేనురా, అక్కని. ముందొక మాట చెప్పు. మీ ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడిందా?"

"మీకెలా తెలుసక్కా? పాపకి నాలుగు రోజుల్నుంచీ కాలిపోయింది. పొద్దున్నే తగ్గిందిలే. చల్లగా అయిపోయింది. ఆడుకోమంటే ఆడుకోకుండా పడుకుందంతే, నీరసం."

ఆమె మొహంలోకి అప్పుడే వచ్చిన రక్తం మళ్లీ దిగిపోవడం మేస్త్రి చూశాడు. ఆమె గొంతు మాత్రం ఇటుకలు మోయించే గొంతే. "ఫోను పెట్టేసి పాపని ఎత్తుకో. ఆటో ఎక్కు. పెద్దాసుపత్రికి రా. బట్టలు సర్దుకోకు, ఎవర్నీ అడగకు, నన్ను ఎందుకని అడగకు. రా."

మేస్త్రి లేచి, దోమలమ్మాయికి ఫోను చేసి, ఎడంచేతి మేస్త్రి పని చేసే వీధి ఆనవాళ్లు చెప్పాడు. "గట్లన్నీ బద్దలు కొట్టించమ్మా. చుట్టుపక్కల ఇళ్లన్నీ చూడు. నేను నేర్పిన మిగతావాళ్ల స్లాబులెక్కడున్నాయో సాయంత్రానికి రాసిస్తా." తర్వాత ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వచ్చిన ప్రతి ఆటోలోకీ తొంగి చూశాడు. సెక్యూరిటీ అతను రెండుసార్లు కసిరాడు. ఆయన జరగలేదు.

నలభై నిమిషాలకి వాళ్లొచ్చారు. పాప తండ్రి భుజం మీద తల వాల్చి, కళ్లు సగం తెరిచి ఉంది. మేస్త్రి ముందు ఆ చిన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆ చల్లదనం ఆయనకి ఇప్పుడు బాగా తెలుసు.

"ఎందుకు గురువుగారూ ఇంత కంగారు? జ్వరం తగ్గిందిగా," అంటున్నాడు ఎడంచేతి మేస్త్రి. గురువు అప్పటికే చేతులు చాపాడు. పాపని తన భుజం మీదికి తీసుకుని, వయసు మర్చిపోయి, లోపలికి పరిగెత్తాడు.

నర్సమ్మ పాప చిగుళ్లు చూసి, కడుపు నొక్కి చూసి, గట్టిగా ఎవర్నో పిలిచింది. రెండు నిమిషాల్లో చిన్న చేతికి సూది, పైన సీసా. తల్లీతండ్రీ మంచానికి చెరో పక్కా బిగుసుకుపోయి నిలబడ్డారు. ఇంకో గంట ఆగి ఉంటే కష్టమయ్యేదనీ, ఇప్పుడూ భయం లేదని చెప్పలేను గాని పరిస్థితి చెయ్యి దాటలేదనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ మాటకి ఎడంచేతి మేస్త్రి చేతులు జోడించి గురువు కాళ్ల మీద పడబోయాడు. మేస్త్రి వెనక్కి జరిగిపోయాడు.

నర్సమ్మ కాగితం, కలం పట్టుకుని ఆయన దగ్గరికొచ్చింది. "మీరేగా పాపని తెచ్చింది? మీరేమవుతారు?"

మేస్త్రి సూది గుచ్చిన ఆ చిన్న చేతి వైపు చూస్తున్నాడు. ఆమె విసుగ్గా తలెత్తింది.

"దీని తండ్రికి పని నేర్పింది నేనే," అన్నాడు.

ఆమె 'బంధువు' అని రాసుకుని వెళ్లిపోయింది.